అరువు ప్రార్థన

ఆ వీధిలో ఆయన్ని అందరూ మిషను పాస్టరు అంటారు. ఆదివారం తప్పిస్తే మిగతా రోజులన్నీ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తూ కనిపిస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. పెట్టినవాళ్ళు వెక్కిరింపుకే పెట్టినా, ఆయన దాన్ని బిరుదులాగే మోశాడు.

ఆ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య మిషను మొరాయిస్తే, నేనున్నాను కదా అని విప్పాడు. మళ్ళీ బిగించడం రాక, ముక్కలన్నీ దుప్పటి మీద పరుచుకుని కూర్చున్నాడు. "నా మిషను నా చేతికి వచ్చేదాకా మీకు భోజనం లేదు" అని భార్య తెగేసి చెప్పింది. ఆకలి మీద నేర్చుకున్న విద్య కాబట్టి గట్టిగా ఒంటబట్టింది. పాస్టరు పని కూడా అలాంటిదే. ముందున్న పాస్టరుకు ముసలితనంలో కళ్ళు మసకబారితే, వాక్యం చదివిపెట్టమని ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చదివేవాడు కాస్తా వివరించడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత రోగుల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ముసలాయన పోయాక సంఘం వేరే ఎవరినీ వెతకలేదు.

సంఘం కూడేది ఒక పాత గిడ్డంగిలో. ఆదివారం పొద్దున ఇనప షట్టరు పైకెత్తి, బల్లలు తుడిచి, ఫ్యాన్లు వేస్తారు. జనం వేళకు వస్తారు. పాటలు పాడతారు. ప్రసంగం నచ్చితే తలలు ఊపుతారు, నచ్చకపోయినా మర్యాదకు ఊపుతారు. బయటివాళ్ళు చూసి ముచ్చటపడే సంఘం. పాస్టరుకు మాత్రం ఇందులో ఎక్కడో ఏదో పట్టేసిందనిపించేది. అదేమిటో చేతికి చిక్కేది కాదు.

ప్రార్థన చేసేది పెద్దయ్య. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిన మనిషి. గొంతెత్తితే గిడ్డంగి రేకులు కూడా వింటాయి. ఆయన ప్రార్థన నిండా పాత పుస్తకాల్లోని భాష. వినడానికి గంభీరంగా ఉంటుంది, అర్థమైనంత అర్థమవుతుంది. జనం లోపలికి వస్తూనే గుమ్మం దగ్గర ఆయనకు తమ అవసరాలు అప్పజెప్తారు. "పెద్దయ్యా, మా అమ్మాయి పరీక్ష, మర్చిపోకండి." "పెద్దయ్యా, మా ఇంటాయన ఉద్యోగం సంగతి." ఆయన అన్నిటికీ తల పంకించి, ఒక్కటీ వదలకుండా ప్రార్థనలో సర్దేవాడు. అప్పజెప్పినవాళ్ళు నిశ్చింతగా కళ్ళు మూసుకునేవాళ్ళు. కొందరి నిశ్చింతకు గురక కూడా తోడయ్యేది.

పట్టేసింది ఎక్కడో పాస్టరుకు ఒక పొద్దున ఆసుపత్రిలో తెలిసింది.

బడిపిల్లల యూనిఫాములు కుట్టే ఒకావిడ ఆ సంఘంలో ఉంది. ఆమె భర్తకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు. కబురు తెలిసి పాస్టరు వెళ్ళేసరికి గండం గడిచింది. భర్త నిద్రపోతున్నాడు. ఆమె వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"గండం గట్టెక్కిందట కదమ్మా, ఇంకా ఆ ముఖమేంటి?" అన్నాడు పాస్టరు.

"సిగ్గేస్తోంది అయ్యగారూ. రాత్రి ఆయన నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చెయ్యవే అన్నాడు. నాకు ఒక్క మాట రాలేదు. పెద్దయ్యగారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మా ఆయన నా వంక చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళు గుడికొచ్చి నేను నేర్చుకున్నదేంటి?"

అది ఆమెను కాదు, తనను అడగాల్సిన ప్రశ్న అని పాస్టరుకు తోచింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ అదే నలిగింది. రేపు ఇంకో ఇంట్లో ఇంకొకరు అలాగే చెయ్యి పట్టుకుని అడుగుతారు. అప్పుడు గండం గడవకపోతే?

సంఘ కార్యదర్శి అప్పటికే ఒక ఆలోచన పట్టుకుని తిరుగుతున్నాడు. "సంఘం చల్లబడింది అయ్యగారూ. బయటినుంచి ఒక పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిచి ఉజ్జీవ కూటాలు పెడదాం. మైకులు నేను చూసుకుంటా." పాస్టరుకు మాత్రం మిషన్లు గుర్తొచ్చాయి. వాడకుండా మూల పడేసిన మిషన్లు ఆయన చాలా చూశాడు. లోపల నూనె బంకలా గట్టిపడి చక్రం కదలదు. తెలియనివాళ్ళు బలమంతా పెట్టి చక్రం తిప్పుతారు, ఏదో ఒకటి విరుగుతుంది. తెలిసినవాడు కాస్త కిరసనాయిలు పోసి, ఊరుకుని, చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లిగా కదిపి చూస్తాడు. చూసేవాళ్ళకు అది పనిలాగే కనిపించదు.

వచ్చిన ఆదివారం ప్రసంగం చివర ఆయన చెప్పేశాడు. "వచ్చేవారం నుంచి ప్రార్థన ఒక్కరే చెయ్యరు. ఎవరి ప్రార్థన వాళ్ళు చేద్దాం. ఎవరికి వచ్చినట్టు వాళ్ళు." పెద్దయ్య చేతిలోని పుస్తకం మూసి, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక పాస్టరమ్మ చీర కొంగు నడుముకు దోపి అడిగింది. "పెద్దయ్యకు ముందు చెప్పారా?"

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు నోట్లోంచి వచ్చేసింది."

"బాగుంది. సొంత మాటలు అందరికీ నేర్పిస్తానంటున్నారు. ఆ పెద్దాయనతో నాలుగు మాటలు మాట్లాడటం మీకు రాలేదు. ముందు వెళ్ళి రండి. వచ్చాకే భోజనం."

"కొత్త కాపురంలోనూ ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట."

"మీరు మారితే నా మాట మారుతుంది."

పాస్టరు వెళ్ళేసరికి పెద్దయ్య బల్ల మీద దుప్పటి పరిచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. భార్య పోయినప్పటినుంచి తన పనులన్నీ తనే చేసుకుంటాడు. కూర్చోమనలేదు.

"మీకు ముందు చెప్పకపోవడం నా తప్పు పెద్దయ్యా. క్షమించండి."

"మా డిపోలో డ్రైవర్ని డ్యూటీ నుంచి తప్పించినా ముందు ఒక ముక్క చెప్పేవాళ్ళు."

"మిమ్మల్ని తప్పించడం కాదు." పాస్టరు ఆసుపత్రి సంగతి చెప్పాడు. పెద్దయ్య చొక్కా ఒక్క చేతి మీదే ఇస్త్రీపెట్టె తిప్పుతూ ఉండిపోయాడు. గుడ్డ మాడు వాసన వచ్చాక గబుక్కున ఎత్తాడు.

"ఫోన్ నేను ఎత్తలేదా?"

"నిద్రలో ఉన్నారు. మనిషన్నాక నిద్రపోడా?"

"సరే" అన్నాడు పెద్దయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ. "కానీ ఒకటి చెప్తున్నా రాసుకో. వాళ్ళు నోరు తెరవరు. వాళ్ళ సంగతి నాకు తెలుసు. గోళ్ళు చూసుకుంటూ కూర్చుని, టైమవగానే ఇళ్ళకు పోతారు."

ఆదివారం రానే వచ్చింది. పాస్టరు వేదిక దిగి వచ్చి, మొదటి బల్లమీద జనంలోనే కూర్చున్నాడు. "ఎవరైనా మొదలుపెట్టండి" అని కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో దగ్గారు. ఆ దగ్గుకు ఇంకెవరో తోడుదగ్గు దగ్గారు. తనే లేచి రెండు ముక్కలు చెప్పేద్దామా అని పాస్టరుకు నాలుక దాకా వచ్చింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఊరుకున్నాడు.

చివరికి ఒక కుర్ర ఎలక్ట్రీషియను లేచాడు. కిందటి వేసవిలోనే పెళ్ళయింది అతనికి. లేచాడనడం కంటే, పక్కనున్న భార్య మోచేత్తో లేపింది అనడం సబబు. గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"కృపాసంపన్నుడవగు తండ్రీ, నీ పాదపీఠము చెంత చేరియున్నాము. వంగనొల్లని ఈ నా మోకాళ్ళకు సత్తువ ననుగ్రహింపుము. చిరకాలము నాకు తోడునీడయై, నీ సన్నిధికి చేరిన నా సహధర్మచారిణిని బట్టి నీకు స్తోత్రము..."

వెనక బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని భార్య కళ్ళు తెరిచి, "నేనిక్కడే ఉన్నానండీ" అంది. మెల్లిగానే అంది గాని, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది. నవ్వులు బల్ల నుంచి బల్లకు పాకాయి. కుర్రవాడు చెవులదాకా ఎర్రబడి కూలబడ్డాడు.

రొట్టెల బట్టీ నడిపే భారీ మనిషి లేచాడు. "ఉండండి, నవ్వకండి, నేను చేస్తాను. కృపాసంపన్నుడవగు తండ్రీ, నీ పాదపీఠము చెంత చేరియున్నాము. వంగనొల్లని ఈ నా..." ఠక్కున ఆగాడు. "నా మోకాళ్ళకేం, బాగానే ఉన్నాయి. నోరు తెరిస్తే ఇదే వస్తోంది, నన్నేం చెయ్యమంటారు?"

ఈసారి ఎవరూ ఆపుకోలేకపోయారు. పాస్టరుకూ నవ్వొచ్చింది, కానీ పెద్దయ్య వంక చూడగానే ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు. ఏళ్ళ తరబడి తను ఆదివారం ఆదివారం దేవుడికి చెప్పుకున్న సొంత బాధ, సొంత భార్య, ఇలా ఊరందరి నోళ్ళలో నలుగుతున్నాయి. ఆయన ఇప్పుడు లేచి వెళ్ళిపోతే మళ్ళీ రాడు. ఆయన పోతే సగం బల్లలు ఆయన వెంటే పోతాయి. నోరు తెరిచిన ఆ ఇద్దరూ జన్మలో మళ్ళీ తెరవరు.

పెద్దయ్య బల్ల పట్టుకుని లేచాడు. అమ్మయ్య, పాత పద్ధతి వచ్చేసిందని జనం హాయిగా కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి. నేను ప్రార్థన చెయ్యట్లేదు" అన్నాడు ఆయన. నెమ్మదిగా నడిచి యూనిఫాములావిడ బల్ల దగ్గర ఆగాడు. "అమ్మాయ్, ఆ రోజు ఆసుపత్రినుంచి నాకు ఫోన్ చేశావట."

"మీరు పడుకున్నారని తెలీక చేశాను పెద్దయ్యా."

"అది కాదు. నేను ఎత్తి ఉంటే ఏం చెప్పేదానివి?"

"ఏం చెప్తాను? ఈయనకు ఊపిరి ఆడట్లేదు, నాకు భయంగా ఉంది, పిల్లలకు ఇంకా చెప్పలేదు, ఈయన్ని తీసుకుపోవద్దని అడగండి, అని చెప్పేదాన్ని."

"ఊపిరి ఇచ్చేది నేనా? నాకు చెప్పే ఆ మాటలే దేవుడికి చెప్పొచ్చుగా."

"ఇవి మామూలు మాటలు కదా పెద్దయ్యా. మీలాగ కాదుగా."

"ఇంత సర్వీసు చేశాను, బస్సులో ఒక్కరు కూడా నన్ను పుస్తకాల భాషలో టికెట్టు అడగలేదు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పారు, ఇచ్చాను. మాట బాలేదని ఎవర్నీ దింపెయ్యలేదు. నేనే దింపనప్పుడు ఆయన దింపుతాడా?"

ఆమె భర్త వంక చూసింది. ఆయన పక్కనే ఉన్నాడు, చిక్కి సగమై ఉన్నాడు గాని ఉన్నాడు. ఆమె తల వంచుకుంది. "తండ్రీ, ఆ రాత్రి నాకు చాలా భయమేసింది. నీకు చెప్పుకోవచ్చని తెలీలేదు. ఈయన్ని ఉంచావు. ఇంకొన్నాళ్ళు ఉంచు. మందులు వేసుకోనని మొండికేస్తున్నాడు, ఆయనకు కాస్త బుద్ధి చెప్పు." అంతే. ఆమేన్ అనడం కూడా మర్చిపోయింది. భర్త అన్నాడు, ముక్కు చీదుకుంటూ.

తర్వాత రొట్టెలాయన లేచి, తమ్ముడితో మాటల్లేవనీ, ముందు తనే పలకరించే ధైర్యం కావాలనీ చెప్పాడు. కుర్ర ఎలక్ట్రీషియను భార్య లేచి, బతికున్న తనను బట్టి భర్త స్తోత్రం చెప్పేలా చెయ్యమంది. కొందరు లేవలేదు, పెదాలు మాత్రం కదిలాయి. ఒకావిడ ఊరికే ఏడ్చింది. ఆ రోజు ప్రసంగానికి సమయమే మిగల్లేదు. పాస్టరు రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. అందుకు ఆయనకు ఏ చింతా కలగలేదు.

షట్టరు దించేటప్పుడు పెద్దయ్య దగ్గరికొచ్చాడు. "మోకాళ్ళ సంగతి ప్రతివారం చెప్తున్నానా నేను?"

"చెప్తున్నారు."

"ఒక్కరైనా అనొచ్చుగా."

"కళ్ళు మూసుకుని ఉంటాం కదా, ఎవరు అంటారు?"

పెద్దయ్య అప్పుడు నవ్వాడు. రేకులు దద్దరిల్లేలా నవ్వాడు.

ఆ తర్వాత సంఘం రాత్రికి రాత్రే మారిపోలేదు. ఇప్పటికీ కొందరు గుమ్మం దగ్గర పెద్దయ్యను పట్టుకుంటారు. "వింటా, కానీ అడగాల్సింది నువ్వే" అని ఆయన లోపలికి తోస్తాడు. ప్రార్థనలు ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి మధ్యలో తెగిపోయి ఉంటాయి. రొట్టెలాయన తమ్ముడు ఒకసారి వచ్చి చివరి బల్లమీద కూర్చున్నాడు. కూటాల సంగతి కార్యదర్శి మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు తనే లేచి, తన కోపం గురించి చెప్పుకున్నాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం యూనిఫాములావిడ భర్తకు మళ్ళీ ఆయాసం వచ్చిందని కబురు తెలిసింది. పాస్టరు చేతికున్న నూనె తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు కోసం వెతుకుతుండగా ఫోన్ మోగింది.

"అయ్యగారూ, మీరు బయల్దేరకండి. వాన జోరుగా ఉంది. డాక్టరుగారు చూసి మందు మార్చారు. మేమిద్దరం ప్రార్థన చేసుకున్నాం. ఇప్పుడు పడుకున్నాడు."

"నేను వస్తానమ్మా, ఎంతసేపు?"

"ఎందుకండీ తడవడం? రేపు తీరిగ్గా రండి." ఆమె గొంతులో కంగారు లేదు. ఫోన్ పెట్టేసింది.

పాస్టరు ఇస్త్రీ చొక్కాతో గది మధ్యలో నిలబడిపోయాడు. పాస్టరమ్మ గుమ్మంలోంచి చూసి, "ఏమన్నారు?" అంది.

"రావద్దన్నారు. వాళ్ళే చేసుకున్నారట."

"మీరు కోరుకున్నది ఇదేగా? ముఖం అలా వేలాడేశారేం?"

"వేలాడెయ్యలేదే" అన్నాడు పాస్టరు. తర్వాత ఒప్పుకున్నాడు. "కొంచెం వేలాడేశాను. పెద్దయ్య ఆ రోజు ఏ మనసుతో బయటికి నడిచాడో ఇప్పుడు తెలిసింది."

ఆమె నవ్వి, చొక్కా విప్పి ఇవ్వమని చెయ్యి చాపింది. ఆయన విప్పి ఇచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, వానలోకి చూస్తూ, ఆ ఇద్దరి కోసం తన మాటల్లో కాసేపు ప్రార్థన చేసుకున్నాడు. అది ఎవరికీ వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేదు. తర్వాత దీపం దగ్గరికి లాక్కుని పనిలో కూర్చున్నాడు.