టిష్యూ ప్యాకెట్ పెట్టిన టేబుల్

అమెరికా ఎన్నికల్లో నాకు ఓటు లేదు. నా మిత్రుడికీ లేదు. మేమిద్దరం ఉండేది సింగపూర్‌లో, యీషున్‌లో ఒకే బ్లాకులో. నాది ఆరో అంతస్తు, అతనిది తొమ్మిది. అయినా శనివారం పొద్దున తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో కూర్చుని, ఆ దేశాన్ని ఎవరు ఏలాలో తేల్చనిదే ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. అతనిది ఒక పార్టీ, నాది రెండోది. ఎప్పుడు ఎంచుకున్నామో ఇద్దరికీ గుర్తు లేదు. క్రికెట్లో ఎవరో ఒకరి వైపు ఉండకపోతే మ్యాచ్ చూడబుద్ధి కాదు కదా, ఇదీ అంతే.

"నాన్నా, యూ కాంట్ ఈవెన్ వోట్ దేర్ లా," అనేది మా అమ్మాయి సింగపూర్ యాసలో. అది వాదన కాదు, నిజం. అందుకే నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు.

మా టేబుల్ సరిగ్గా ఫ్యాన్ కింద ఉండేది. ముందొచ్చినవాడు దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కాఫీ లైన్లో నిలబడేవాడు. ఇక్కడ దీన్ని చోప్ చేయడం అంటారు. ప్యాకెట్ ఉందంటే ఆ టేబుల్ ఎవరో పట్టుకున్నారని అర్థం. జనం ప్లేట్లు పట్టుకుని నిలబడి తింటారు గానీ దాన్ని జరిపి కూర్చోరు. ఈ ఊళ్లో రాసిపెట్టిన చట్టాల కంటే రాయని ఈ చట్టం మీదే నాకు గౌరవం ఎక్కువ.

రాజకీయం అయ్యాక టెక్నాలజీ వచ్చేది. కొత్త ఫోన్ అంటే పాత ఫోన్‌కి కెమెరా ఇంకో మూలకి జరపడమేనని నా అభిప్రాయం. అతను ఒక అమెరికన్ కంపెనీ బ్రాంచిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. "మిషిన్లు ఎన్నన్న రానీ అన్నా. అవి తప్పులు జేస్తయ్, నేను పడ్తా. నా నౌకరికి ఢోకా లేదు," అనేవాడు. చివర్లో ఎదురెదురుగా కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్లం తల దించుకుని ఒకరితో ఒకరం క్యారమ్స్ ఆడేవాళ్లం. బయటివాళ్లకి వెర్రిగా కనిపించేదేమో. మాకు బాగుండేది.

ఒక శనివారం దిగుమతి సుంకాల మీద మాటా మాటా పెరిగింది. "నీకు రాజకీయం తెల్వది," అన్నాడు. "నీకు క్యారమ్స్ కూడా రాదు," అన్నాను. మొదటి మాట నేను పట్టించుకోలేదు. రెండోది అతనికి తగిలింది. సగం కాఫీ వదిలేసి లేచిపోయాడు.

తర్వాతి శనివారం వెళ్లేసరికి మా టేబుల్ మీద ఎవరిదో టిష్యూ ప్యాకెట్ ఉంది. అలా లేచిపోయినవాడు ఇక రాడు, ఇంకెవడో టేబుల్ పట్టాడు అనుకున్నాను. మా చోట్లో పరాయివాణ్ణి చూడటం ఇష్టం లేక, స్తంభం అవతల, చేపల సూప్ కొట్టు పక్కన, అటు వీపు పెట్టి కూర్చున్నాను. ఫ్యాన్ లేదు. తర్వాతి వారమూ అంతే, ఆ తర్వాతా అంతే. ముక్కూ మొహం తెలియని ఆ ప్యాకెట్ మనిషంటే నాకు ఒళ్లు మంట పుట్టింది.

క్యారమ్స్ ఆటలో అతని పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుండేది. అంటే అక్కడే ఉన్నాడు. నా చుక్క కూడా అతనికి కనబడుతుంది. అతనూ పిలవలేదు, నేనూ పిలవలేదు. అమెరికా వార్తలు చూడటం మానేశాను. చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు ఆ దేశం ఏమైపోతే నాకేం.

ఒక రోజు లిఫ్టులో అతని భార్య కనిపించింది. చేతిలో మడిచిన అట్టపెట్టెలు ఉన్నాయి. ఏంటమ్మా అని అడిగాను.

"హైదరాబాద్ పోతున్నం అన్నా, వచ్చే నెల. ఆఫీసు పని మొత్తం ఆడికి మార్చిన్రంట. ఈయన్ని గూడ పొమ్మన్నరు."

అమెరికా గురించి అన్నేళ్లు మాట్లాడుకున్నాం. అక్కడ కూర్చుని ఎవరో తీసుకున్న ఈ ఒక్క నిర్ణయం మా ఇద్దరి మాటల్లోకీ ఎప్పుడూ రాలేదు.

ఆమె ఇంకా ఆపలేదు. "గింత పంతం ఎందుకన్నా? ప్రతి శనివారం నీకోసమని టేబుల్ మీద టిష్యూ పెట్టి, రెండు కాఫీలు తెస్తున్నడు. నువ్వేమో సూసి గూడ పొయ్యి స్తంభం ఎనక కూసుంటున్నవంట. రెండూ ఈయనే తాగి వస్తున్నడు."

ఆరో అంతస్తులో దిగడం మర్చిపోయాను. తొమ్మిదిలో ఆమె దిగింది, నేను మాత్రం ఆమె వెంట వాళ్లింటికి వెళ్లలేదు. వెళ్తే ఏం చెప్పాలి? ఆ ప్యాకెట్ నీదని తెలియలేదని చెప్పాలి. అది చెప్పడానికి టేబుల్ దగ్గరే సరైన చోటు అనిపించింది. నాకు చాలా బాధగా ఉంది, అంతకు మించి కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

శనివారం వెళ్లాను. ప్యాకెట్ ఉంది. ఇన్నేళ్ల అలవాటు, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. దాని పక్కనే కూర్చున్నాను. అతను రెండు కప్పులతో వచ్చి, చక్కెర తక్కువది నా ముందు పెట్టాడు.

"నీది అనుకోలేదు," అన్నాను ప్యాకెట్ చూపిస్తూ.

అతను ప్యాకెట్ వైపు, తర్వాత స్తంభం వైపు చూశాడు. "అట్లనా," అన్నాడు. కాసేపు కాఫీ ఊదుకున్నాడు. "అమెరికాల మీవోడు ఈ వారం ఏం జేసిండో సూసినవా?"

నిజానికి నేను వార్తలే చూడలేదు. "చూశాను. నువ్వు అప్పుడు చెప్పిందే కరెక్టు," అన్నాను.

సుంకాల మాట తెచ్చాడు. అదీ నిజమేనన్నాను. ఫోన్ల మాట తెచ్చాడు. దానికీ తల ఊపాను. క్యారమ్స్‌లో నాకంటే నువ్వే మేలన్నాను. వెళ్లిపోయే మనిషితో వాదన ఎందుకని నా ఉద్దేశం.

అతను కప్పు కింద పెట్టాడు.

"అన్నా, నువ్వు గిట్ల అన్నిటికీ ఒప్పుకుంటే," అన్నాడు, "నేనెట్ల పోవాలె?"