హెడ్డాఫీసు బాబాయి

కింది వాటాలో గడియారాలు బాగుచేసే బాబాయికి ఒకటే పిచ్చి. గొంతు మార్చి, బ్యాంకు ఆఫీసరునంటూ తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, కార్డు వివరాలు రాబట్టాలని చూడటం. చెప్పారో, అయిపోయారే! అలా ఎలా చెప్పేశారని ఇంటికొచ్చి మరీ తిడతాడు.

"సార్, హెడ్డాఫీసు నుంచి. మీ కార్డు ఆగిపోతోంది. నంబరు, పిన్ చెప్పండి."

గొంతు అచ్చం ఆఫీసరుదే. వెనకాల గోడగడియారాలన్నీ ఒక్కసారిగా గణగణలాడటమే చిక్కు.

"హెడ్డాఫీసులో ఇన్ని గంటలేంటి బాబాయ్?" అనేవాడు పైగది కుర్రాడు.

"బాబాయెవరయ్యా? నంబరు చెప్పు."

"చెప్పను."

"శభాష్. ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను."

బాబాయి ఠక్కున ఫోను పెట్టేసేవాడు.

కుర్రాడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. దొరికిన పుస్తకమల్లా చదివి, లోకమంతా తప్పులతడకని తేల్చేసి, ఎవరితోనూ పొసగక, చివరికి నాలుగు గోడలతో మిగిలాడు. ఈయనకు వేరే పనిలేదా అని విసుక్కునేవాడు. అతని ఫోనుకు వచ్చేది మాత్రం ఆ ఒక్క కాలే.

ఓసారి జ్వరం పట్టుకుంది. ఆఫీసులో ఎవరూ ఏమయ్యాడని అడగలేదు. మధ్యాహ్నం ఫోను మోగితే, ఎవరిదో కూడా చూడకుండా ఎత్తాడు.

"సార్, బ్యాంకు నుంచి. మీ కార్డు ఆగిపోతోంది."

ప్రాణం లేచొచ్చింది. చెప్పనంటే పెట్టేస్తాడు. చెబితే, తిట్టడానికైనా పైకొస్తాడు! దిండు కింది కార్డు తీశాడు. చదువుకోవాలని కడుపు మాడ్చుకుని దాచిందంతా అందులోనే ఉంది.

"నాలుగు... ఏడు... రెండు..."

తర్వాతి అంకె చెప్పబోయి ఆగాడు. "తిన్నావా అని అడగవేంటి బాబాయ్?"

"తిండి గోలేంటి? మిగతా నంబరు చెప్పు, త్వరగా!"

వెనకాల ఒక్క గడియారమూ టిక్కుమనడం లేదు.

ఫోను మంచం మీదికి విసిరేసి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

బాబాయి అంతా విని, బుద్ధుందా అని చెడామడా తిడుతూనే కంచంలో వేడిగా వడ్డించాడు.

"ఊరందరికీ ఇలాగే ఫోన్ చేస్తావా?"

"అందరికీ ఎందుకు? ఇంట్లో మనుషులుంటే వాళ్లే అడుగుతారుగా."

"ఏంటి, పిన్నా?"

"తిన్నావా అని."

కుర్రాడు తలొంచుకుని కంచం ఖాళీ చేశాడు.

మర్నాడు ఫోను మోగింది. వెనకాల గంటలే గంటలు.

"సార్, హెడ్డాఫీసు నుంచి..."

"చెప్పను. తినలేదు. నువ్వు తిన్నావా బాబాయ్?"

ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేరేమో.

బాబాయి మళ్లీ ఆఫీసరు గొంతు తెచ్చుకున్నాడు. "సార్, సొంత వివరాలు మేం ఫోనులో ఎవరికీ చెప్పం. మా శాఖకు స్వయంగా రండి. ఇద్దరికి సరిపడా వండాం."