వీపుకు కనపడేది

ఆ ఉదయం, కాలవ మీద కడుతున్న చిన్న వంతెన పునాది నాలుగడుగుల లోతు ఉందని కొలతల పుస్తకంలో రాసి సంతకం చేశాను. నేను కొలవలేదు. నేను వెళ్లేసరికే కాంట్రాక్టరు దాన్ని మట్టితో పూడ్పించేశాడు. నాలుగడుగులన్నది అతని మాట. ఓవర్సీరుగా అది నా మొదటి సంతకం.

గుంటూరు స్టేషన్లో రైలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి ఆరుసార్లు నడిచి బల్ల మీద కూర్చున్నాను. పక్కన దూదేకుల సాయిబు ఒకాయన, దూదేకే విల్లును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని ఉన్నాడు. చుట్టి పెట్టిన నా పరుపును అడక్కుండానే రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"ఎవడండీ దీన్ని ఏకింది? ఇక్కడ ముద్ద, ఇక్కడ గింజలు."

"లోపలిది ఎవరికి కనపడుతుందిలే, సాయిబూ."

"వీపుకు కనపడదా అండీ? నేనేకిన పరుపు మీద పడుకుని నడుం నొప్పన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఈ విల్లు మీకిచ్చి పోతాను." నవ్వి అడిగాడు, "తమరేం చేస్తారు?"

వారం రోజులుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఓవర్సీరునని చెప్పుకుంటున్నాను. ఆయనతో మాత్రం, "ఏదో గవర్నమెంటు పనిలే," అన్నాను.

"ఏదో ఏంటండీ? చేసే పనికి పేరుండదా?"

ఇంతలో రైలొచ్చింది. ఆయన ఎక్కాడు. నేను ఎక్కకుండా, వెనక్కి వెళ్లే బస్సు కోసం బయటికి నడిచాను.

మర్నాడు పునాది పక్కన మట్టి తవ్వించి టేపు పెట్టాను. రెండడుగుల ఎనిమిది అంగుళాలు.