క్రెయిల్ రేవులో పెద్ద మామా

ఆ రోజుల్లో నాకు పరదేశమంటే కువైటు ఒక్కటే. రాయచోటి నుంచి వచ్చి ఇంటిపనికి కుదిరి ఏడాదైనా కాలేదు, మామా (పనిచేసే ఇంటి యజమానురాలిని మేమంతా అలాగే పిలుస్తాం) వేసవికి స్కాట్లాండ్ ప్రయాణం కట్టింది. వెంట వాళ్ళమ్మ, అంటే పెద్ద మామా. ఆ ముసలామెను కనిపెట్టుకుని ఉండటానికి నేను. కువైటులోనే అబ్బాసియాలో ఉండే మా పక్క ఊరి అక్క, "లండన్ పక్కనేనంట మే! సముద్రం కాడ రాజుల కోటలంట! మంచి గుడ్డలు ఏసుకోని పో" అని ఊరించి పంపింది.

తీరా చూస్తే ఆ కోటలకు పైకప్పులే లేవు. సెయింట్ ఆండ్రూస్‌లో సముద్రపు ఒడ్డున, సగం కూలిన గోడల మధ్య మామా ఫోటోలు తీస్తుంటే, ఇంతోటి దానికి విమానమెందుకు, మా గండికోట ఇంతకంటే గట్టిగా ఉంది కదా అనుకున్నాను. పెద్ద మామాదీ అదే బాధ. "కూలిన ఇంటికి టికెట్టా?" అని కూతుర్ని నిలదీసింది. (అరబ్బీలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి మాట అదే.)

మర్నాడు క్రెయిల్ అనే జాలర్ల ఊరికి వెళ్ళాం. ఎర్ర పెంకుల ఇళ్ళు, కిందికి దిగే సన్నటి రాళ్ళ సందు, చివర బుల్లి రేవు. పాత చర్చి చూసొస్తానని వెళ్తూ మామా "అమ్మ జాగ్రత్త" అంది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నామో లేదో, గాలికి నా చున్నీ ఎగిరిపోయింది. దాని వెంట పరుగెత్తి పట్టుకొచ్చేసరికి బల్ల మీద ముసలామె లేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎదురొచ్చిన ఒక దొరను ఆపి, వచ్చిన ఇంగ్లీషంతా వాడేశాను. "బ్లాక్. ఓల్డ్. స్లో వాకింగ్." నల్ల బురఖా సంగతి చెప్పాననే నా నమ్మకం. ఆయన ఎంతో దయగా నన్ను సందు మలుపుకు తీసుకెళ్ళి, ఒక ముసలి నల్ల కుక్కను చూపించాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని, పాపం, కుక్కను ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు.

చివరికి పెద్ద మామా గొంతే దారి చూపింది. పీతలు పట్టే బుట్టలు పేర్చిన గోడ వెనక, వల బాగుచేసుకుంటున్న ఒక తెల్ల ముసలమ్మ పక్కన చేరి అరబ్బీలో దబాయిస్తోంది. "అట్లా కాదు, ముడి ఇటువైపు నుంచి!" ఆ ముసలమ్మ ఇంగ్లీషులో ఎదురు చెబుతోంది. నాలుగు చేతులూ ఒకే వల మీద ఉన్నాయి.

"రా, కూర్చో," అంది నన్ను చూసి, నాకు తెలిసేలా ఒక్కో మాటా విడదీసి. "మా నాయన పడవ మనిషి. కువైటులో చమురు రాకముందు మా ఇంటినిండా ఇదే వాసన."

"మా ఊళ్ళో సముద్రమే లేదు పెద్ద మామా," అన్నాను, తెలుగులోనే. తలూపింది. కాసేపు ముగ్గురం ఎవరి భాషలో వాళ్ళం హాయిగా మాట్లాడుకున్నాం.

అంతలో మామా రొప్పుతూ వచ్చింది. "ఎక్కడికి తీసుకొచ్చావ్ అమ్మని? ఖలాస్! నిన్ను మీ ఊరికి పంపించేస్తా!"

నేను గబుక్కున లేచి నిలబడ్డాను. పెద్ద మామా మాత్రం వల మీంచి తల ఎత్తలేదు. "పిల్లనేమీ అనకు. నేనే వచ్చా. దాన్ని పంపితే నేనూ దానితోనే పోతా, వాళ్ళ ఊరికి."

మామా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వలేక కోప్పడలేక, ఆ బుట్టల పక్కనే కూలబడింది.

పెద్ద మామా పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మామా తన ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించింది. కూలిన కోట, ఓ మూల ఒక బక్క పిల్ల. చంకలో సంచి, చెదిరిన జుట్టు, ఎప్పుడు కువైటు చేరతామా అన్నట్టు చిట్లించిన ముఖం. "నువ్వే," అంది మామా. నవ్వొచ్చింది. అంత దూరం పోయి కూడా పని చెయ్యడానికే వచ్చాననుకుంది, ఆ పిచ్చిపిల్ల. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ సముద్రం చూడు మే అని చెప్పాలనిపించింది.