తాతయ్య కొలిమి అతుకు, నాన్న రివిట్లు

నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో... మా ఇంట్లో తాతయ్య, నాన్న ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఒకే చూరు కింద అన్నం తినేవారు. మాటలు మాత్రం అమ్మ ద్వారా నడిచేవి. "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ చెంబు ఇటివ్వమను" అనేవాడు తాతయ్య, నాన్న పక్కనే కూర్చుని ఉన్నా.

గొడవంతా అతుకు గురించే. తాతయ్య గోదావరి గట్టు మీద కమ్మరి. రెండు ఇనప కడ్డీలను కొలిమిలో తెల్లగా మెరిసేదాకా కాచి, ఒకదాని మీద ఒకటి పెట్టి సుత్తితో కొట్టి కలిపేసేవాడు. ఎక్కడ కలిసిందో వేలితో తడిమినా తెలిసేది కాదు. నాన్నేమో ధవళేశ్వరంలో పడవలు కట్టే కార్ఖానాలో చేరి, రేకులకు కన్నాలు పొడిచి రివిట్లు బిగించడం నేర్చుకున్నాడు.

"కన్నాలు పెట్టి కుట్టడం దర్జీ పని, కమ్మరి పని కాదు" అన్నాడు తాతయ్య. ఆ మాట నాన్నకు గట్టిగా తగిలింది. అంతే... మూడేళ్లు మాటల్లేవు.

గోదారికి వరద ఎర్రనీళ్లు రాబోతున్న రోజుల్లో, ఒక ఆదివారం, రేవు దాటించే పోలయ్య తన ఇనప రేకు పడవను మా గట్టు మీదికి లాగించుకొచ్చాడు. అడుగున అతుకు విడిపోయి జానెడు మేర నోరు తెరిచింది.

"వరద రాకముందే బాగుచెయ్యండి బాబూ. ఇది ఆగితే మా పిల్లలకి కూడు లేదు."

తాతయ్య పడవ పక్కనే నిప్పులు రాజేసి, తిత్తి ఊది, అంచులు కాచాడు. రేకు తెల్లబడేలోపే కాలి చిల్లు పడింది. రెండోసారీ అంతే. జానెడు చీలిక మూరెడైంది. తాతయ్య సుత్తి కింద పెట్టేసి ఆ చీలికవైపే చూస్తూ కూర్చున్నాడు.

నాన్న వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"కడ్డీకైతే నీ అతుకే గట్టిది అయ్యా. రేకు పలచన కదా, కాలిపోతుంది. దీనికి రివిట్లే."

తాతయ్య అలవాటుగా అమ్మ వైపు తిరగబోయి, ఆగి, నాన్ననే అడిగాడు.

"నీళ్లు కారవంటావా?"

"పై రేకు అంచుని ఉలితో కింది రేకుకి అదిమి దిగ్గొడితే కారవు. కానీ లోపలినుంచి ఎవరైనా సమ్మెట ఆనించి పట్టాలి."

"నేను పడతాలే."

పడవను ఓ పక్కకి ఒరిగించి, కాలిన చోట కొత్త రేకు ముక్క కప్పి, రెండిటికీ కలిపి కన్నాలు పొడిచారు. రివిట్టంటే తల ఉన్న పొట్టి మేకే. అమ్మ దాన్ని ఎర్రగా కాల్చి పట్టుకారుతో అందించేది. తాతయ్య పడవ లోపల కూర్చుని కన్నంలో దూర్చి, తలకి సమ్మెట ఆనించేవాడు. బయటికొచ్చిన కొసను నాన్న గుండీలా చదును చేసేవాడు. పొద్దు వాలేదాకా అదే చప్పుడు...

మర్నాడు పడవను నీళ్లలో దింపారు. తాతయ్య పంచె ఎగ్గట్టి ఎక్కి, అతుకు పొడవునా అరచేతితో తడిమాడు. చెయ్యి పొడిగానే ఉంది.

"మీ అబ్బాయి మంచి పనిమంతుడండి" అన్నాడు పోలయ్య.

"పట్టింది నేను కదా" అన్నాడు తాతయ్య నవ్వుతూ.

ఆ పూట అన్నాల దగ్గర, "ఇంకాస్త పెరుగు వేసుకోరా" అన్నాడు నాన్నతో. మధ్యలో తను చెప్పాల్సిందేమీ లేక అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇప్పుడు తాతయ్యా లేడు, నాన్నా లేడు. పడవలు ఎక్కడో తయారై వస్తున్నాయి, పాడైతే అక్కడికే పోతున్నాయి. ఒక రేకుకు అటొకరు ఇటొకరు కూర్చునే పనులు మా ఊళ్లో తగ్గిపోయాయి... మీ ఇళ్లలో కూడా ఇలా ఏదో ఒక పని దగ్గర మళ్లీ మాటలు కలిపిన వాళ్లుంటే చెప్పండి. వినాలని ఉంది.