కీబోర్డు కింద టేపు

అబిడ్స్‌లో మా బావకు పెళ్ళిపత్రికల దుకాణం ఉండేది. గత చలికాలంలో ఆయన పోయాక అక్క నడుపుతోంది. బావ గీసిన అక్షరాలూ అంచులూ ఒక పాత ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, కొత్తవాటిలో తెరుచుకోవు. సరిగ్గా దసరా ముందు అది మొరాయించింది. అది లేవకపోతే దుకాణం మూసుకోవాల్సిందేనంది అక్క. నాంపల్లిలో కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుతెరువు కనుక దాన్ని సంచీలో వేసుకుని తెచ్చాను.

మీట నొక్కితే బీప్ బీప్‌మని అరుపు, తెర నల్లగా. ఆ అరుపు మెమరీ కోసం. అందులో మెమరీ ముక్కలు రెండు, కీబోర్డు కింద ఒకటి, అడుగున ఒకటి. కీబోర్డు కిందున్నది తీసేస్తే లేచింది. పాడైంది అదేననుకుని సంబరపడ్డాను. దాన్ని తెచ్చి అడుగువైపు స్లాట్‌లో, అంటే ముక్క దూర్చే గాడిలో, పెడితే అదీ పనిచేసింది. ముక్కలు రెండూ బాగానే ఉన్నాయి, కీబోర్డు కింది స్లాట్‌లో ఏది పెట్టినా అరుస్తోంది. పోనీ ఒక్కదానితో నడిపిద్దామంటే బావ డిజైన్లు సగంలో ఆగిపోతున్నాయి.

లైటు దగ్గరగా పెట్టి చూస్తే స్లాట్ నిండా కుంకుమ.

ఆయుధపూజకు అక్క ఏటా ల్యాప్‌టాప్‌కు బొట్టు పెడుతుంది. బొట్టంటే బొట్టు కాదు, సగం భరిణె మీటల సందుల్లోకే పోతుంది. స్లాట్‌కు పైన అడ్డంగా సెల్లోటేపు అంటించి ఉంది, చుట్టూ పాత టేపుల జిగురు మరకలు. ఏటా పూజయ్యాక బావ కీబోర్డు విప్పి, తుడిచి, టేపు మార్చేవాడన్నమాట. పోయిన దసరాకు ఆయన మంచంలో ఉన్నాడు. జిగురు ఎండి అంచు లేచింది.

బజ్జీ తిన్న చేత్తో ఆ ల్యాప్‌టాప్‌ను ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచే మనిషి ఆయన. నన్ను ఎన్నిసార్లు దుకాణం మెట్లు దింపాడో.

స్పిరిట్‌తో తుడిచి రెండు ముక్కలూ పెడితే లేచింది. అక్కకు చెప్పాలా వద్దా అని అబిడ్స్ దాకా ఆలోచిస్తూ పోయాను. కుంకుమ సంగతీ టేపు సంగతీ చెప్పేశాను. అక్క మీటల సందులో వేలితో రుద్ది చూసింది.

"అందర్నీ తిట్టెటోడు. నన్ను ఒక్కనాడు వద్దనలే," అంది. పూజకు తెచ్చిన కుంకుమ భరిణె నావైపు జరిపింది. "ఆయన పోయినంక ఇగ నేను పెట్టొద్దు గదా. ఈసారి నువ్వు పెట్టు."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. భరిణె మళ్ళీ ఆమె ముందుకే జరిపాను.

"నువ్వే పెట్టక్కా. టేపు నేను మారుస్త."