సోమందేపల్లెలో దిగిపోయిన అత్త

మా అత్త ధర్మవరం దాటి ఎరగదు. ఆమె మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నన్ను కని మా అమ్మ కన్నుమూస్తే పెంచింది ఆమే. పొద్దున లేస్తే రాట్నం ముందు కూర్చుని మా మగ్గాలకు పట్టు కండెలు చుట్టేది. నాకు తెలిసి ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు, ఇది కావాలని అడిగిందీ లేదు.

డెబ్బైల చివర్లో, వానలు పడని ఒక ఏడాది, ఆమెను లేపాక్షి తీసుకుపోయాను. అప్పటికే జుట్టంతా తెల్లబడింది. ఓపిక ఉండగానే ఒక్క క్షేత్రమైనా చూపించాలని నా ఆరాటం. గుడిలో దండం పెట్టుకుంది గానీ, అంత పెద్ద నందిని కూడా ఊరికే చూసి వచ్చేసింది. బస్సెక్కాక మాత్రం కిటికీకి అతుక్కుపోయింది. ఎండిన చెరువులు, గుట్టలు, గొర్రెల మందలు, దారిన పోయే మనుషులు. పిలిచినా పలకలేదు.

తిరుగు ప్రయాణంలో సోమందేపల్లెలో బస్సు టీ కోసం ఆగింది. అందరూ మళ్లీ ఎక్కారు. అత్త ఎక్కలేదు. రోడ్డు పక్కన ఒక రాతి మీద కూర్చుని, చాలా మామూలుగా, “నువ్వు పో అప్పా. నేను ఇంటికి రాను” అంది.

మాట వినబడింది గానీ బుర్రకెక్కలేదు. కండక్టరు విజిలు వేస్తున్నాడు. చెయ్యి పట్టుకుని లేపబోతే విడిపించుకుంది. ఆ చేతిలో అంత బలముందని నాకు తెలియదు. బస్సు వెళ్లిపోయింది. ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్లు తాగించాను. నా భార్య గానీ ఇంకెవరైనా గానీ ఏమైనా అన్నారా అని అడిగాను.

“ఎవురూ ఏమీ అనలేదప్పా. అనింటే ఎప్పుడో పోయింటాను. ముసిల్దాన్నయినాను. గోడ తప్ప ఏమి చూసినా నేను?”

రాట్నం ఎదురుగా ఉండే సున్నపు గోడ గురించి చెబుతోందని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

నేను ఏడ్చాను కాబట్టి ఆ సాయంత్రం బస్సుకు నాతో వచ్చింది. కొద్ది రోజులకే, మేమంతా మగ్గాల మీద ఉండగా, పట్టపగలు, రెండు చీరలు మూట కట్టుకుని వెళ్లిపోయింది. బంధువుల ఇళ్లు, గుళ్లు, సత్రాలు వెతికాం. బావుల్లోకి కూడా తొంగి చూశాం.

మరుసటి ఏడాది శెనక్కాయ పీకే కాలంలో చీరలమ్మడానికి ఉరవకొండ పోయాను. ఊరి బయట ఒక చేలో ఆడకూలీలు కాయలు తెంపుతూ నవ్వుకుంటున్నారు. వాళ్లలో ఒకామె లేచి నావైపు నడిచి వచ్చింది. ఎండకు నల్లబడి, పాదాలు పగిలి ఉంది. దగ్గరికి వచ్చేదాకా అత్తను పోల్చుకోలేకపోయాను. ఒక క్రైస్తవ కూలీల ఇంట్లో ఉంటోందట, వాళ్లు వండిందే తింటోందట. మా వాళ్ల ఇళ్లల్లో తప్ప మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.

ఇంటికి రమ్మనడానికి నోరు రాలేదు. ఈ వయసులో, ఈ ఎండలో ఏం దొరికిందని ఇట్లా తిరుగుతున్నావని మాత్రం అడిగాను.

“తెల్దప్పా. పొద్దున లేస్తే, ఈపొద్దు యాడికి పోతామో అనుకుంటాండా. అది బాగుండాది.”

ఒడినిండా శెనక్కాయలు తెచ్చి, పిల్లలకిమ్మని నా సంచిలో పోసింది.

ఆ తర్వాత ఎప్పుడైనా చుట్టంలా మా ఇంటికి వచ్చి, ఒకటి రెండు రోజులుండి పోయేది. కూలీల గుంపుతో బళ్లారి దాకా తిరిగిందని విన్నాం. ఎనభైల నడుమ జ్వరమొచ్చి, ఉరవకొండలో ఆ కూలీల ఇంట్లోనే పోయింది. కబురందుకుని వెళ్లేసరికి, నాకు ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ఇంటి ముందు గుంపుగా కూర్చుని ఏడుస్తున్నారు. నేనెవరని ఆ ఇంటామె అడిగింది. మేనల్లుడినని చెప్పాను.

“ఇంక మమ్మల్ని నవ్విచ్చేదెవురన్నా?” అందామె.

మా అత్త ఎవరినైనా నవ్వించడం నేను పుట్టి ఎరగను. పొరపాటున వేరే ఇంటికి వచ్చానేమోనని చెప్పులు విడిచి గబగబా లోపలికి పోయాను. చాప మీద పడుకోబెట్టిన మనిషి మా అత్తే.